63 అల్ట్రా బాల్స్ విసిరినా చిక్కని జీవి: లోపం నాలో ఉందా, ఆటలో ఉందా?

పటమట_పిల్లోడు
ఇంటర్ పరీక్షలు ముగిశాయి కాబట్టి, ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరన్న ధైర్యంతో వారం రోజులుగా, బంతులు విసిరి అడవి జీవులను పట్టే వీడియో గేమ్ పోకెమాన్ స్కార్లెట్ ఆడుతున్నాను. బెజవాడ ఎండకు మధ్యాహ్నం బయటికి వెళ్లే పని లేదు, కరెంటు పోయినా, నేను ఆడే స్విచ్ యంత్రంలో బ్యాటరీ ఉంటుంది. ప్రపంచమంతా తిరిగి ఎనిమిది మేకులు పీకి, మూసి ఉన్న గుడి తలుపు తెరిచి, లోపల ఉన్న లెవెల్ 60 జీవితో నిన్నటి నుంచి పోరాడుతున్నాను. దాని హెచ్‌పీని, అంటే ప్రాణశక్తిని, ఎర్ర గీత వరకు దించాను. స్పోర్ అనే నిద్రపుచ్చే విద్య నేర్చిన నా జీవి బ్రెలూమ్‌ను ఇందుకోసమే పెంచి తీసుకువెళ్లాను కానీ, ఎప్పుడూ గురి తప్పని ఆ నిద్రమందు దీని మీద ఒక్కసారి కూడా పనిచేయలేదు. ఇప్పటికి 63 అల్ట్రా బాల్స్ ఖర్చయ్యాయి. బంతి మూడుసార్లు ఊగి, ఇక చిక్కినట్టేనని ఊపిరి బిగబట్టిన క్షణంలో అది బయటికి దూకుతోంది. నా ఆటతీరులో లోపం ఉందా, లేక ఇదంతా అదృష్టమేనా? మా అక్క మాత్రం నా ముఖం చూసే అది బంతిలో ఉండలేకపోతోందని అంటోంది.

గుంటూరు_ఘాటు
బంతి మూతపడిన క్షణంలోనే బి బటన్‌ను, కింది బాణాన్ని కలిపి నొక్కి, మూడో ఊపు వరకు వదలకుండా ఉండాలి. దుబాయ్ నుంచి మా బాబాయి గేమ్‌బాయ్ తెచ్చిన రోజుల నుంచీ మా ఇంట్లో ఇదే పద్ధతి. నువ్వు నొక్కి ఉండవు తమ్ముడూ.

కాలువగట్టు
63 బంతులు, ఒక్కొక్కటి 800 చొప్పున 50,400 అయింది. ఆ డబ్బు ఆటలోది కాబట్టి సరిపోయింది గాని, అదే నిజమైనదైతే మీ నాన్నగారు ఈపాటికి నిన్నే బంతిలో పెట్టేవారు.

లెక్కల_మాస్టారు
ఘాటు గారు చెప్పిన బటన్ కథకు ఆటలో ఎలాంటి ఆధారమూ లేదు. బంతి జీవిని తాకగానే ఫలితం లెక్కలో తేలిపోతుంది. ఆ తర్వాత మనం చూసే ఊపులన్నీ, అప్పటికే తేలిన ఫలితాన్ని మనకు నెమ్మదిగా చూపించే బొమ్మలు మాత్రమే.

ఆ లెక్కలో ప్రధానంగా నాలుగు అంకెలు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. మొదటిది ఆ రకం జీవికి ఆట కేటాయించిన అంకె, అది ఎంత పెద్దదైతే పట్టడం అంత తేలిక. చేతకాని చేప మాజికార్ప్‌కు అది 255, ఆట మొదట్లో మనం ఎంచుకునే మూడు జీవులకు 45, మ్యూట్యూ వంటి వాటికి 3. రెండవది మిగిలి ఉన్న హెచ్‌పీ. నిండు హెచ్‌పీతో ఉన్న జీవికి మూడో వంతు విలువే దక్కుతుంది, సగానికి తగ్గిస్తే మూడింట రెండు వంతులు దక్కుతుంది, ఒక్క పాయింటు మిగిల్చితే దాదాపు పూర్తి విలువ వస్తుంది. దీనిలో పిల్లలు గమనించని సంగతి ఒకటుంది. నిండు నుంచి సగానికి దించినప్పుడే అవకాశం రెట్టింపు అవుతుంది, ఆ సగం నుంచి చివరి పాయింటు వరకు దించితే పెరిగేది ఒకటిన్నర రెట్లే. అయితే దాన్ని పొరపాటున చంపేసే ప్రమాదమంతా ఆ రెండో సగంలోనే ఉంది. అందుకే ఎంత కొట్టినా ఒక్క పాయింటు మిగిల్చే ఫాల్స్ స్వైప్ లేనివాళ్లు సగం దాటాక చేయి ఆపడం తెలివైన పని.

మూడవది బంతి. మామూలు బంతికి 1, గ్రేట్ బాల్‌కు 1.5, అల్ట్రా బాల్‌కు 2. నాలుగవది జీవి ఉన్న స్థితి. నిద్రపోతున్నా, మంచులో గడ్డకట్టినా 2.5, పక్షవాతం, విషం, కాలిన గాయం వీటిలో ఏదున్నా 1.5. నీ విషయంలో నిద్ర పడలేదు కాబట్టి ఎర్ర గీత మీద అల్ట్రా బాల్ విసిరి నువ్వు 2 దగ్గరే ఆగిపోయావు, నిద్ర కూడా కలిసి ఉంటే 5 అయ్యేది.

ఇక మూడుసార్లు ఊగి తప్పించుకోవడం గురించి. ఇంతసేపు ఊగింది కాబట్టి వచ్చే బంతికి చిక్కుతుందని అనుకోవడం, పేకాటలో పది ఆటలు పోయాయి కాబట్టి పదకొండోది నాదేనని అనుకోవడం వంటిదే. గత బంతి ఎన్నిసార్లు ఊగిందో వచ్చే బంతికి తెలియదు.

పటమట_పిల్లోడు
మాస్టారూ, లెక్క అర్థమైంది. కానీ స్పోర్ ఎందుకు పనిచేయడం లేదో మీరు చెప్పలేదు. అది నూటికి నూరుసార్లు తగలాలి కదా?

గుంటూరు_ఘాటు
బటన్ పనిచేయదని మాస్టారు అంటున్నారు కానీ, అది నొక్కి నేను పట్టిన జీవులు నా పెట్టెల్లో వందల సంఖ్యలో ఉన్నాయి. వాటికేం సమాధానం చెబుతారు?

లెక్కల_మాస్టారు
కోడి కూసిన ప్రతి రోజూ తెల్లవారింది అన్నది మీ వాదన. నొక్కకుండా కూడా ఒక వంద పట్టి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి.

బెంజ్‌సర్కిల్_బ్యాచ్
ఈ గొడవంతా దేనికంటే, పోకెమాన్ తన లెక్కను తెర మీద చూపించదు కాబట్టి. 2024 జనవరిలో వచ్చిన పాల్‌వరల్డ్ ఆడండి. గురిపెట్టగానే ఎంత శాతం అవకాశం ఉందో అక్కడే కనిపిస్తుంది, జీవికి వెనుక నుంచి విసిరితే ఆ శాతం పెరగడం కూడా కళ్ల ముందే తెలుస్తుంది. ప్రపంచంలో అక్కడక్కడా దాగి ఉన్న ఆకుపచ్చ లిఫ్‌మంక్ బొమ్మలను ఏరి విగ్రహానికి సమర్పిస్తే పట్టే శక్తి పెరుగుతుంది. ఇంత నిజాయితీగా ఉండే ఆట ఉండగా బటన్ల మీద వాదన ఎందుకు?

బ్రాడీపేట_అమ్మాయి
ఆ నిజాయితీ వల్ల నాకు నిద్ర పోయింది. నాలుగు శాతం అని కనిపించినా ఒక్కటి విసిరి చూద్దామనిపిస్తుంది, అలా ఒక్కొక్కటిగా సంచి ఖాళీ అవుతుంది. తెలియకపోయి ఉంటే వెనక్కి తిరిగి వచ్చేదాన్ని. పైగా ఆ ఆటలో మనుషులను కూడా గోళంతో పట్టవచ్చు. సంతలో వ్యాపారిని పట్టి ఇంటికి తెచ్చుకున్న రోజు నాకే కాస్త సిగ్గేసింది.

బెంజ్‌సర్కిల్_బ్యాచ్
అక్కా, మిర్చి యార్డులో దళారీలను కూడా అలా పట్టే వీలుంటే మా మామయ్య ఎంతైనా ఇస్తాడు.

మంగళగిరి_మగ్గం
పాల్‌వరల్డ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. బంతి విసిరి జీవిని పట్టే పద్ధతి మీద పేటెంట్లు ఉన్నాయంటూ నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి ఆ ఆట తయారీదారులపై 2024 సెప్టెంబరులో టోక్యో న్యాయస్థానంలో దావా వేశాయి. ఆ తర్వాత అదే ఏడాది నవంబరులో, గోళం విసిరి మన జీవిని బయటికి రప్పించే పద్ధతిని పాల్‌వరల్డ్ మార్చేసింది. మనం ఇక్కడ బంతుల గురించి సరదాగా వాదించుకుంటున్నాం గాని, అక్కడ బంతి విసరడమే వ్యాజ్యం అయింది.

అసలు విషయానికి వస్తే, అడవి జీవిని పట్టడంలోని రుచి తెలియాలంటే 2022 జనవరిలో వచ్చిన పోకెమాన్ లెజెండ్స్ ఆర్సియస్ ఆడాలని నా అభిప్రాయం. అక్కడ ప్రతిసారీ పోరాటంలోకి దిగనక్కరలేదు. పొడవైన గడ్డిలో వంగి నడుస్తూ, దాని చూపు పక్కకు మళ్లే వరకు ఆగి, వెనుక నుంచి నేరుగా బంతి విసరవచ్చు. బంతులను కూడా మనమే ఆప్రికార్న్ కాయలతో, రాళ్లతో తయారుచేసుకోవాలి. ఫెదర్ బాల్ దూరంగా తిన్నగా వెళుతుంది, హెవీ బాల్ దూరం వెళ్లదు గాని దగ్గర నుంచి వెనుకపాటున తగిలితే గట్టిగా పనిచేస్తుంది. ఎర్ర కళ్ల ఆల్ఫా జీవి మనల్ని గమనిస్తే మన మీదికే వస్తుంది కాబట్టి, వెనక్కి పరుగెత్తే దారి చూసుకోకుండా విసిరేవాడు తన సంచిలోని వస్తువులు పోగొట్టుకుంటాడు. లెక్క ఇక్కడా ఉంది, కానీ దానిలో మన కాళ్లకు కూడా భాగం ఉంది.

తూనీగ
మగ్గం గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మా అమ్మమ్మ ఊరు తెనాలి దగ్గర. వానాకాలం చివర పొలం గట్ల మీద తూనీగలు పట్టేవాళ్లం. ముందు నుంచి వెళితే చిక్కదు, పక్క నుంచి వెళ్లినా చిక్కదు. దాని మీద మన నీడ పడకుండా, తోక వైపు నుంచి, వేళ్లు తెరిచి ఉంచుకుని ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ వెళ్లాలి. మొదటిసారి ఆర్సియస్‌లో గడ్డిలో వంగినప్పుడు నాకు ఆ గట్టే గుర్తొచ్చింది. ఆశ్చర్యపడనక్కరలేదు, ఎందుకంటే ఈ ఆటలకు మూలపురుషుడైన సతోషి తజిరి కూడా చిన్నప్పుడు పురుగులు పట్టి పోగుచేసిన వ్యసనపరుడే. 1996 ఫిబ్రవరిలో 151 జీవులతో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటలకు ఆ అలవాటే ఊపిరి. మాస్టారి గుణకారం నిజమే కావచ్చు గాని, తూనీగను పట్టేవాడికి 2.5 ఎందుకండీ?

లెక్కల_మాస్టారు
నీడ పడకూడదు, తోక వైపు నుంచి వెళ్లాలి, వేళ్లు తెరిచి ఉంచాలి అని మీరు చెప్పినవి కూడా లెక్కలే. మీరు వాటికి అంకెలు వేయలేదు, అంతే తేడా. అంకె తెలిసిన కుర్రవాడికి రుచి పోతుందన్న మాట నేను ఒప్పుకోను. నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఏడో తరగతి పిల్లలకు భిన్నాల గుణకారం ఈ బంతులతోనే చెబుతాను, ఒక్కడు కూడా ఇంతవరకు ఆవులించలేదు.

కాలువగట్టు
ఆవులింత నేర్చిన జీవులు కూడా ఆ ఆటలో ఉన్నాయి మాస్టారూ, ఎదుటివాడు మరుసటి వంతు (టర్న్) చివర నిద్రపోతాడు. మీ పిల్లలను అనుమానించండి.

తూనీగ
సరే, తగ్గుతున్నాను. అయితే స్కార్లెట్‌లో కూడా వెనుకపాటు పద్ధతి ఉందని పిల్లవాడికి చెప్పాలి. మైదానంలో తిరిగే జీవి మనల్ని గమనించకముందే బంతి తాకిస్తే, మొదటి వంతులో అది కదలలేదు, పట్టడం కూడా తేలికవుతుంది.

మంగళగిరి_మగ్గం
అది గుడిలో ఉన్న జీవికి వర్తించదండీ. దాని ముందుకు వెళ్లి పలకరిస్తే తప్ప పోరాటం మొదలుకాదు.

బ్రాడీపేట_అమ్మాయి
పటమట తమ్ముడికి నా అనుభవం ఒకటి ఉపయోగపడవచ్చు. పాత పోకెమాన్ సన్ ఆటలో బెల్డమ్ అనే ఇనుప ముద్ద ఉండేది. దాని అంకె కూడా మ్యూట్యూ లాగే 3. దానికి తెలిసిన విద్య టేక్ డౌన్ ఒక్కటే, అది మనల్ని కొట్టిన ప్రతిసారీ దానికీ దెబ్బ తగులుతుంది. నేను ఎంతో జాగ్రత్తగా దాని హెచ్‌పీ తగ్గించి బంతులు విసురుతుంటే, అదే నన్ను కొట్టి కొట్టి చచ్చిపోయేది. అలా నాలుగు పోయాక అర్థమైంది. టేక్ డౌన్ సాధారణ (నార్మల్) జాతి దెబ్బ, దెయ్యపు (ఘోస్ట్) జాతి జీవికి అది తగలదు, తగలకపోతే దానికి ఎదురుదెబ్బ కూడా ఉండదు. అందుకని ముందు దెబ్బ కొట్టి, తర్వాత దెయ్యాన్ని ఎదురుగా నిలబెట్టి తీరిగ్గా బంతులు విసిరాను. అది గాలిని గుద్దుతూనే ఉంది, నేను పదిహేడో బంతికి పట్టుకున్నాను. టేక్ డౌన్ ఇరవైసార్లు వాడేస్తే దాని విద్య అయిపోయి స్ట్రగుల్ అనే పెనుగులాట మొదలవుతుంది, ఆ ఎదురుదెబ్బకు మళ్లీ చస్తుంది. ఎదుటి జీవి జాతి తెలియకుండా ఎన్ని బంతులు కొన్నా దండగే అన్నది ఆ నలుగురు బెల్డమ్‌లు నాకు నేర్పిన సంగతి.

ఇది రాస్తుంటేనే అనుమానం వచ్చింది. తమ్ముడూ, నువ్వు పీకిన మేకుల రంగేమిటి?

పటమట_పిల్లోడు
ఊదా రంగు. లోపలున్నది నత్త. పేరు వో-చియెన్.

బ్రాడీపేట_అమ్మాయి
అదీ సంగతి. అది చీకటి (డార్క్), గడ్డి (గ్రాస్) జాతులు కలిసిన జీవి. గడ్డి జాతి మీద పొడి చల్లే విద్యలేవీ పనిచేయవు, స్పోర్ కూడా పొడి కిందికే వస్తుంది. 2013లో వచ్చిన ఎక్స్, వై ఆటల నుంచీ ఇదే నియమం. ఆటలో లోపం లేదు, నీ బ్రెలూమ్‌లోనూ లోపం లేదు. పుచ్చతోటకు కాపలాగా పుచ్చకాయను పెట్టావు, అంతే.

లెక్కల_మాస్టారు
అంత పొడవున లెక్క రాశాను గాని, ఏ జీవి అని అడగాలని నాకు తోచలేదు. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాస్తారని రోజూ పిల్లలను తిట్టేది నేనే.

ఆ నాలుగు గుళ్లలో ఉన్న జీవుల అంకె 6. దీనికి తోడు వో-చియెన్ తన చుట్టూ ఉన్న మిగతా అందరి దాడి శక్తిని నాలుగో వంతు తగ్గిస్తుంది, అందుకే నీ దెబ్బలు నెమ్మదిగా పనిచేసి ఉంటాయి. అందులో కంగారు పడవలసినది ఏమీ లేదు.

గుంటూరు_ఘాటు
నిద్రపుచ్చడానికి హిప్నాసిస్ వాడమని చెప్పేవాడిని, కానీ అది మానసిక జాతి విద్య, చీకటి జాతికి తగలదు. కాబట్టి తిరిగి తిరిగి నా బటనే దిక్కు.

మంగళగిరి_మగ్గం
ఇక్కడ ఘాటు గారు పొరబడ్డారు. చీకటి జాతికి మానసిక జాతి దెబ్బలు తగలవు గాని, హిప్నాసిస్ దెబ్బ కాదు, స్థితిని మార్చే విద్య మాత్రమే. అటువంటి విద్యలకు ఈ జాతి అడ్డు సాధారణంగా వర్తించదు. పక్షవాతం తెచ్చే థండర్ వేవ్ మాత్రం దీనికి మినహాయింపు, నేల జాతి మీద అది పనిచేయదు. నా దగ్గరున్న గలేడ్ అనే జీవి ఇదే నత్తను హిప్నాసిస్‌తోనే నిద్రపుచ్చింది. గురి నూటికి అరవైసార్లే కుదురుతుంది కాబట్టి ఓపిక ఉండాలి. మగ కిర్లియాకు డాన్ స్టోన్ ఇస్తే గలేడ్ అవుతుంది, ఫాల్స్ స్వైప్ కూడా దానికే వస్తుంది, మరిచిపోయిన విద్యలను మెనూలోనే ఎప్పుడైనా గుర్తుచేయవచ్చు. కొట్టేదీ నిద్రపుచ్చేదీ ఒకటే కావడం వల్ల మధ్యలో జీవిని మార్చి ఒక వంతు పోగొట్టుకోనక్కరలేదు.

లెక్కల_మాస్టారు
బంతిని కూడా మార్చు. క్విక్ బాల్ మొదటి వంతులో 5 రెట్లు పనిచేస్తుంది గాని, అప్పుడు నత్త నిండు హెచ్‌పీతో ఉంటుంది కాబట్టి ఆ విలువ మూడింట ఒక వంతుకు పడిపోతుంది. అయినా మొదట అదొకటి విసరడంలో నష్టం లేదు. ఆ తర్వాత ఆటలో రాత్రి అయి ఉంటే డస్క్ బాల్ 3 రెట్లు, నిద్రతో కలిపితే 7.5. పోరాటం పది వంతులు దాటితే టైమర్ బాల్ గరిష్ఠంగా 4 రెట్లకు చేరుతుంది, నిద్రతో కలిపితే 10. నువ్వు 63సార్లు విసిరింది 2 దగ్గర. నీకు కావలసింది 64వ అల్ట్రా బాల్ కాదు. నిద్ర ఒకటి నుంచి మూడు వంతులే ఉంటుంది కాబట్టి, అది లేచిన వెంటనే బంతి విసరకుండా మళ్లీ నిద్రపుచ్చు.

పోరాటానికి ముందు ఆటోసేవ్ ఆపి, నీ చేత్తో ఒకసారి సేవ్ చేసుకో. ఈ మాట అందరూ చెబుతారు, నష్టపోయాకే అందరూ వింటారు.

తూనీగ
పోరాటానికి ముందు పిక్నిక్‌లో సాండ్‌విచ్ కూడా చేసుకోవాలి. కొన్ని రకాలు తింటే ఫలానా జాతి జీవులను పట్టే శక్తి అరగంటపాటు పెరుగుతుంది. గడ్డికి గాని, చీకటికి గాని చూసుకుని చేయి.

కాలువగట్టు
పునుగులు తింటే ఏ జాతిని పట్టే శక్తి పెరుగుతుందో కూడా ఎవరైనా చెబితే బాగుండేది.

బెంజ్‌సర్కిల్_బ్యాచ్
కుర్చీని వదలని జాతి.

పటమట_పిల్లోడు
నిన్న రాత్రి ప్రయత్నించాను. మొదటిసారి హిప్నాసిస్ వరుసగా నాలుగుసార్లు తప్పి గలేడ్ పడిపోయింది, సేవ్ ఉంది కాబట్టి బతికిపోయాను. రెండోసారి మాస్టారు చెప్పినట్టే చేశాను. క్విక్ బాల్ ఒకసారి కూడా ఊగకుండా తెరుచుకుంది. ఫాల్స్ స్వైప్‌తో ఒక్క పాయింటుకు దించేసరికి చాలా వంతులు గడిచాయి. నిద్రపుచ్చిన తర్వాత పద్నాలుగో వంతులో విసిరిన రెండో టైమర్ బాల్‌కు చిక్కింది. 63 బంతులకు లొంగనిది మూడో బంతికి లొంగింది. స్పోర్ గురించి మొదటి రోజే చదువుకుని ఉంటే ఆ 63 బంతులూ మిగిలేవి.

లెక్కల_మాస్టారు
సంతోషం. ఆకుపచ్చ మేకులు పీకినప్పుడు టింగ్-లూ వస్తుంది. అది చీకటి, నేల జాతులు కలిసినది. దాని మీద థండర్ వేవ్ పనిచేయదు, స్పోర్ చక్కగా పనిచేస్తుంది. బ్రెలూమ్‌ను పెట్టెలో నుంచి బయటికి తీసి క్షమాపణ చెప్పుకో.

గుంటూరు_ఘాటు
అదంతా సరే. ఆ చివరి బంతికి బటన్ నొక్కావా, లేదా?

పటమట_పిల్లోడు
నేను నొక్కలేదన్నా. కానీ స్విచ్‌ను బల్ల మీద నిలబెట్టి ఆడుతున్నాను, బంతి విసరగానే బటన్లుండే కుడివైపు జాయ్‌కాన్‌ను మా అక్క లాక్కుంది. నొక్కిందో లేదో అడిగితే చెప్పడం లేదు.